మూడో ఖానా దగ్గర

మార్చి 4

తమ్ముడూ,

కవరు మీద నా రాత చూడగానే "అక్క మళ్ళీ ఏదో పేచీ తెచ్చింది" అనుకుంటావని తెలుసు. తెచ్చాను. కూర్చుని చదువు.

నిన్న మీ వంతెనల ఆఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. లావు కళ్ళజోడు, చేతిలో పెట్టె, పెట్టెనిండా వైర్లు. వంతెన ఆ చివరనుంచి ఈ చివరకి నడిచి, స్తంభాల మధ్య మూడో ఖానా దగ్గర ఆగి, ఇనుముకి వైర్లు అంటించి ఏవో గీతలు చూసుకుంది. "ఎలా ఉందమ్మా?" అని అడిగాను. ఏట్లోకి చూస్తూ ఏదో గొణిగింది. గొణిగేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఈమధ్య లోకమంతా గొణుగుడే. మళ్ళీ అడిగితే కాగితం మీద రాసిచ్చింది: "అనుమానంగా ఉంది. వానలలోపు మూసెయ్యమని రాస్తాను." అనుమానమట! పెట్టెకి అనుమానం వస్తే మనుషులు ఏరు దాటడం మానెయ్యాలట!

ఈ వంతెన గురించి ఆవిడకేం తెలుసురా? ఇనుమంతా పడవల మీద ముక్కలుగా వచ్చిందనీ, ఒక్కో ముక్క మీదా తెల్లరంగుతో అంకె ఉండేదనీ తెలుసా? కిందనుంచి ఒకడు ఆ ముక్కల్ని బిగించే రివిట్లు ఎర్రగా కాల్చి పటకారుతో విసిరితే, తాత పైన దూలం మీద కూర్చుని రేకు బకెట్‌తో పట్టేవాడు. ఒకటి జారితే కిందవాడి నెత్తినే పడుతుంది. ఏడు ఖానాలు కట్టేలోపు తాత జార్చినవి రెండే రెండు. ఆ రెండింటి గురించి చచ్చేదాకా నోరు విప్పలేదు.

మూడో ఖానా మాత్రం తర్వాత వచ్చింది, నిజమే. పెద్ద వరదకి ఆ స్తంభాల మధ్య ముక్క కొట్టుకుపోతే ఎక్కడో విప్పిన పాత వంతెన ఇనుము తెచ్చి అతికించారు. నాన్న దాన్ని "సవతి ఖానా" అనేవాడు. సవతి అయినా నలభై ఏళ్ళుగా కాపురం చేస్తూనే ఉంది కదా.

నేను రోజుకో ఖానా చొప్పున వారానికి ఏడూ కొడుతున్నాను. ప్రతి రివిట్టూ. తలమీద సుత్తి, వెనక వేలు. ఖంగుమంటే సుద్దముక్కతో అడ్డగీత, మొద్దుగా పలికితే సున్నా, రివిట్టు తలమీదా, నా పుస్తకంలోనూ. రెండేళ్ళుగా ఒక్క సున్నా పెట్టే అవసరం రాలేదు. ఈ మాట ఆవిడకి నువ్వు చెప్పు, ఆఫీసులో నీ మాట చెల్లుతుంది. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. వంతెన మీద పావుగంట, చుట్టూ రోడ్డున పోతే ముప్పై కిలోమీటర్లు. దీన్ని మూస్తే ఈ ఒడ్డువాళ్ళ గతేమిటి? నా గతేమిటి? వంతెన లేకపోతే దాని మొదట్లో ఈ సుంకం గదిలో నేను కాపురం ఉండటమెందుకు?

ఫోను మాత్రం చెయ్యకు. అందులో నీ గొంతు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుంటుంది. ఉత్తరమైతే రెండుసార్లు చదువుకోవచ్చు.

నీ అక్క,
చెవులపిల్లి


మార్చి 15

అక్కా,

ఉత్తరం చదివాను. నీ మరదలు కూడా చదివి "ఆవిడ రాస్తే పక్కన కూర్చుని తిట్టినట్టే ఉంటుందండీ" అని నవ్వింది.

ఇంజనీరమ్మ రిపోర్టు నా బల్ల మీదే ఉంది. కింద సంతకం పెట్టాల్సింది నేనే. ఆవిడతో చెప్పాను. మా నాన్న మా ఇద్దరి కళ్ళకీ గుడ్డ కట్టి రివిట్లు కొట్టి వినిపించేవాడు, అక్క వందకి వంద చెప్పేది, నేను యాభై తప్పేవాణ్ణి, అందుకే దానికి చెవులపిల్లి అనీ నాకు చెవిటిమాలోకం అనీ పేర్లు పెట్టాడు, సుత్తి దాని చేతికిచ్చి నన్ను చదువుకి తోలాడు అని. ఆవిడ నవ్వలేదు. "మీ అక్కగారి మీద నాకు గౌరవమే సార్. నా పెట్టె మీద కూడా అంతే గౌరవం ఉంది" అంది. రిపోర్టు పక్కన పెట్టించాను. నీ చెవి మీద నాకున్న నమ్మకం ఏ పెట్టె మీదా లేదు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఫోనులో గులకరాళ్ళు సరే, అసలు సంగతేమిటి? కిందటిసారి మేం వచ్చినప్పుడు నీ మరదలు వంటగదిలోంచి రెండుసార్లు "వదినా" అని పిలిచిందట. నువ్వు వెనక్కి చూడకుండా బయటికి వెళ్ళిపోయావట. అప్పట్నుంచి దానికి మనసులో మనసు లేదు. మావల్ల ఏదైనా తప్పు జరిగితే తిట్టు, పడతాం. మూతి ముడుచుకుంటే మాత్రం భరించలేం.

ఆ పుస్తకం పేజీలు పంపించు. ఆవిడకి చూపించాలి.

తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడూ,

నీ పెళ్ళాం పిలిచి ఉంటుంది, నేను పరధ్యానంగా ఉండి ఉంటాను. అంతమాత్రానికే గోరంత కొండంత చేసుకోవాలా? దానిమీద నాకు కోపమేమిటి, ఈ వయసులో కోపాలు మొయ్యడానికి ఓపికెక్కడిది. నా మాటగా చెప్పు, నేను కొత్తగా ఎవరిమీదా అలగలేదు, పాత అలకలే ఇంకా పూర్తి కాలేదు అని.

పేజీలు పెట్టాను. అన్నీ అడ్డగీతలే, కావాలంటే ఆ కళ్ళజోడుతో లెక్క చూసుకోమను.

ఇక్కడ ఏరు ఎండి రెల్లు మధ్య సన్నగా పారుతోంది. స్తంభాల మీద పాత వరదల గీతలు అన్నీ బయటపడ్డాయి. నాన్న చెక్కిన గీత పక్కన నీ ఎత్తు కొలిచి పెట్టిన గీత కూడా ఉంది, గుర్తుందా? ఏడేళ్ళప్పుడు నువ్వు వరదకంటే పొట్టి. దూలాల కింద పిచ్చుకలు గూళ్ళు కట్టాయి కానీ ఈ ఏడు వాటి గోల లేదు. ఎందుకో మరి, నోరు మూసుకుని కాపురం చేసుకుంటున్నాయి. ఊళ్ళో మనుషులకి మాత్రం మర్యాదలు ఎక్కువయ్యాయి. ఇదివరకు పోతూ పోతూ ఒక కేక వేసేవాళ్ళు, ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడి మరీ పలకరిస్తున్నారు. కమ్మరి ముసలాయనైతే సుత్తికి కొత్త పిడి వేసిచ్చి, నా భుజం తట్టి, మొహంలోకి చూస్తూ "బాగుందా అమ్మా?" అన్నాడు. ఆయన భార్య లోపల్నుంచి చెయ్యి ఊపింది. ఆవిడకి ఆయాసం తగ్గలేదు పాపం, వారానికోసారి ఆసుపత్రికి వంతెన దాటించి తీసుకెళుతున్నాడు.

అంత అనుమానమైతే నువ్వే ఒకసారి రా. గురువారం మూడో ఖానా వంతు. ఆ రోజే రా. నీ చెవులతో నువ్వే విను.

చెవులపిల్లి


మే 6

అక్కా,

పేజీలు ఇంజనీరమ్మకి చూపించాను. అన్నీ తిరగేసి ఒకటే మాట అంది. "రెండేళ్ళలో ఒక్క సున్నా కూడా లేదు. కొత్త వంతెనకైనా ఉంటాయి సార్." నాకు కోపం వచ్చింది. "అంటే మా అక్క అబద్ధం రాసిందంటారా?" అన్నాను. "నేనలా అనలేదు. మీరు ఒకసారి వెళ్ళి వినండి, విని ఏం చెప్పినా నేను ఒప్పుకుంటాను" అంది.

అందుకని ఇరవయ్యో తారీకు, గురువారం, పొద్దుటి బస్సుకి వస్తున్నాను. మధ్యాహ్నం నీ దగ్గరే భోజనం. ఎక్కువ చెయ్యకు, డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు.

నిన్ను చూసి ఎనిమిది నెలలైంది. వంతెన సంగతి పక్కన పెట్టినా రావాలనే ఉంది.

తమ్ముడు


మే 24

అక్కా,

గురువారం రాలేకపోయాను. బయలుదేరే సమయానికి ఆఫీసులో మీటింగు పెట్టారు. వండి కూర్చుని ఉంటావు, తిట్టుకుని ఉంటావు. క్షమించు.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. ఆరోగ్యం చూసుకో. వంతెన మీద నడిచేటప్పుడు అంచువైపు నడవకు, బళ్ళు వెనకనుంచి వస్తుంటాయి.

తమ్ముడు


జూన్ 3

నిన్న పొద్దున మీ మనుషులు వచ్చి రెండు చివర్లా సిమెంటు దిమ్మెలు పడేశారు. నా గది తలుపు పక్కనే కాగితం అంటించారు. "వయసు మీరిన కారణంగా ఈ వంతెనపై రాకపోకలు నిలిపివేయడమైనది." కింద నీ సంతకం. ఆ వంకర సంతకం నాకు తెలియనిదా, అక్షరాలు దిద్దించింది నేనే కదా.

మీటింగు అన్నావు. ఈ మీటింగేనా? వండిన అన్నం సాయంత్రందాకా మూత పెట్టుకుని కూర్చున్నాను. రావడానికి మొహం చెల్లక, చాటుగా సంతకం గీకి పంపావు. కంచే చేను మేస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి? బయటివాడు మూసి ఉంటే పోట్లాడేదాన్ని.

నాన్న సుత్తి నీకివ్వలేదన్న కడుపుమంట ఇన్నాళ్ళకి తీర్చుకున్నావా? నిజం చెప్పు. వయసు మీరిందట. ఎవరికి మీరింది, వంతెనకా నాకా?

ఒక్క రివిట్టు, ఒకే ఒక్క చెడ్డ రివిట్టు చూపించు, నోరు మూసుకుంటాను. చూపించలేకపోతే దిమ్మెలు తీయించు.

అక్క


జూన్ 12

అక్కా,

సుత్తి గురించి నాకెప్పుడూ కడుపుమంట లేదు. నువ్వు అలా అనుకున్నావని చదివాక ఆ ఉత్తరం జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను.

వంతెన కట్టి తొంభై ఏళ్ళు దాటింది. దాటినవాటిని మూసెయ్యాలని పైనుంచి ఉత్తర్వు. కారణం అంతే. నీ పుస్తకంలో తప్పుందని ఎక్కడా రాయలేదు, రాయను. వచ్చే ఏడాది ఏటి దిగువన సిమెంటు వంతెన మొదలవుతుంది. గది ఖాళీ చెయ్యమని ఎవరూ అనరు, ఆ కాగితం వేరే పెట్టించాను. నువ్వు ఉన్నన్నాళ్ళూ గది నీదే.

నువ్వు వచ్చి మా దగ్గర ఉండరాదా? నీ మరదలు కిటికీ పక్కన మంచం కూడా వేసింది.

ఇక్కడ చెవుల డాక్టరు, కళ్ళ డాక్టరు అందరూ దగ్గరే ఉన్నారు. ఒకసారి ఒళ్ళంతా చూపించుకున్నట్టు ఉంటుంది.

తమ్ముడు


జూలై 19

కమ్మరి భార్య పోయింది.

పదహారో తారీకు పొద్దున ఆయాసం ఎక్కువైంది. వాన. కమ్మరి ఆవిణ్ణి బండిలో వేసుకుని వంతెన దాకా వచ్చాడు. దిమ్మెల దగ్గర ఆగాడు. "దిమ్మె జరపండి, నేను చెబుతున్నాను, గట్టిగా ఉంది, వెళ్ళండి" అని అరిచాను. ఇద్దరం కలిసి తోశాం, కదల్లేదు. బండి వెనక్కి తిప్పి చుట్టూ రోడ్డు పట్టాడు. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఆవిడ చెయ్యి జారిపోయిందట. ఏరు దాటి ఉంటే పావుగంట. ఆసుపత్రి పైకప్పు మన ఒడ్డునుంచి కనబడుతూనే ఉంటుంది, నీకు తెలుసు.

నీ ఉత్తర్వుకి మనుషుల ఊపిరి సంగతి తెలియదు. నీకు తెలుసు. తెలిసే పెట్టావు సంతకం. నేను ఏం రాసినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నాన్న నీకు పెట్టిన పేరు సరిగ్గానే పెట్టాడు.

మంచం వేశారట, కిటికీ పక్కన. ఆ కిటికీలోంచి ఏం కనబడుతుంది, నీ ఆఫీసా? అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని ఈ వంతెన మీద తిప్పాను. ఇక నాకు తమ్ముడు లేడు. ఉత్తరాలు రాయకు, రాసినా విప్పను.


జూలై 30

అక్కా,

కమ్మరి ఆయనకి విడిగా ఉత్తరం రాశాను. ఆవిడ చావు నా సంతకం మీదే ఉంది. కాదనను. రాత్రీ పగలూ అదే తలుచుకుంటున్నాను. అయినా ఆ కాగితం మళ్ళీ నా ముందు పెడితే మళ్ళీ సంతకం పెడతాను. ఎందుకో అడగకు.

నువ్వు విప్పకపోయినా నెలనెలా రాస్తాను.

తమ్ముడు


జనవరి 11

తమ్ముడూ,

ఆగస్టు నుంచి నువ్వు రాసినవి ఆరు ఉత్తరాలు. అన్నీ ఈరోజే విప్పాను. ఒక్కదాంట్లో కూడా అసలు మాట లేదు. వానలు, నా మరదలి మోకాళ్ళు, ఉప్పు లేని కూరలు. ఎంత గట్టివాడివిరా నువ్వు.

జరిగింది చెబుతాను, అడ్డు రాకు.

డిసెంబరులో ఏరు తగ్గాక వంతెన విప్పడం మొదలుపెట్టారు. రివిట్లు కొయ్యడానికి కూలికి కమ్మరినే పిలిచారు. నేను రోజూ గది గడపలో కూర్చుని చూస్తూ తిడుతూ ఉన్నాను. ఏడో ఖానా, ఆరో ఖానా, అన్నీ గట్టిగానే ఉన్నాయి, ఒక్కో రివిట్టు తెగడానికి వాళ్ళకి చెమటలు పట్టాయి. "చూశారా, చూశారా" అన్నాను. మొన్న గురువారం మూడో ఖానాకి వచ్చారు. కమ్మరి మధ్యాహ్నం దాకా కిందికి దిగలేదు. దిగి నా ముందు గోనెపట్టా పరిచి ఒక్కొక్కటే పెట్టాడు. పంతొమ్మిది రివిట్లు. కొయ్యలేదట. వేళ్ళతో లాగితే ఊడి వచ్చాయట, కదిలే పళ్ళలాగా.

వాటి తలల మీద సుద్ద గీతలు ఉన్నాయిరా. దూలం నీడలో వాన తగలని చోట, నా చేత్తో పెట్టినవి. పంతొమ్మిదింటికీ అడ్డగీత. నా గీత నాకు తెలియదా?

ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. కమ్మరి అప్పుడు నా ఎదురుగా గొంతుక్కూర్చుని, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, అలాంటి మనిషి ఎనిమిది నెలలు దాచాడు. మే ఇరవయ్యో తారీకు నువ్వు వచ్చావట. బస్సు దిగి తిన్నగా వంతెన మీదికి నడిచావట. నేను మూడో ఖానా దగ్గర వీపు ఇటు పెట్టి కొడుతున్నానట. వెనక నిలబడి "అక్కా" అని పిలిచావట. నేను తిరగలేదట. ఇంకా దగ్గరికి వచ్చి పిలిచావట. నేను కొట్టాను, ఒడ్డునున్న ఆయన కొలిమి దాకా మొద్దు చప్పుడు వినబడిందట, పగిలిన కుండ మీద కొట్టినట్టు. నేను అడ్డగీత పెట్టి పక్కదానికి పోయానట. నువ్వు వెనక్కి వచ్చి కొలిమి ముందు బల్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చావట. "దానికి చెప్పకండి, ఆ చెవి ఒక్కటే దాని ఆస్తి" అన్నావట. సాయంత్రం బస్సుకి పోయావట. నేను ఇక్కడ అన్నం మూత పెట్టుకుని కూర్చున్నాను.

ఆయన్ని నేను అడగలేని మాట ఒకటి ఉంది. ఆయనే చెప్పాడు. "మా ఆవిడ సంగతేనా? దిమ్మె కదిలి ఉంటే ఆ వానలో బండెక్కించేవాణ్ణమ్మా, నీ మాట మీద. అవతల తేలేవాళ్ళమో, ఏట్లో తేలేవాళ్ళమో. ఎవరికి తెలుసు." అని లేచి పనికి పోయాడు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నీకు చెబుతాను, ఎవరికీ చెప్పనిది. మూడేళ్ళ కిందట చలికాలంలో పోయింది. ముందు పిచ్చుకలు పోయాయి, తర్వాత ఏటి హోరు, తర్వాత వెనకనుంచి వచ్చే బళ్ళు. సుత్తి చప్పుడు ఉందనే అనుకున్నాను. చెయ్యి అదిరేది, వెనక వేలికి తెలిసేది. వేలు ఉందిగా, చెవెందుకు అనుకున్నాను. నాన్న కూడా వేలు పెట్టమనే చెప్పాడు కదా. చివరికి వేలు కూడా చలికి మొద్దుబారింది. తెలుస్తూనే ఉంది, తెలియనట్టు గీతలు పెడుతూనే ఉన్నాను. చెవి పోయిందంటే సుత్తి లాక్కుంటారు. సుత్తి లేకపోతే నేనెవర్ని? తాత జార్చింది రెండు. నేను పంతొమ్మిది జార్చాను, పైగా పట్టుకున్నానని రాశాను.

ఊరందరికీ తెలుసట. అందుకే ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడుతున్నారు. మర్యాద అనుకున్నాను. వేలితో తెలుస్తుందిలే అని వాళ్ళూ నమ్మారట, నాలాగే.

కాగితం మీద నా పేరు రాయకుండా వయసు అని రాశావు. నా తిట్లన్నీ తిన్నావు, కడుపుమంట అన్నా ఊరుకున్నావు, తమ్ముడు లేడన్నా నెలనెలా రాశావు. అప్పుడే చెప్పి ఉంటే మెడబట్టి గెంటేదాన్ని, నిజమే. అయినా చెప్పాల్సిందిరా. ఆ చావు సగం నాది. మొత్తం నువ్వే ఎత్తుకున్నావు.

నిద్ర పట్టడం లేదు. ఒకటే అనుకుంటున్నాను. ఎన్నిసార్లు పిలిచావు? కమ్మరి రెండు అంటాడు, ఆయన లెక్క నమ్మను. నువ్వు చెప్పు.

నా మరదలికి ఆ మంచం తీసెయ్యొద్దని చెప్పు. వంటగదిలోంచి పిలిచిందన్న రోజు నాకు వినబడలేదని చెప్పు, ఇన్నాళ్ళూ దాన్ని ఏడిపించాను.

మూడో ఖానా తీసేశారు. రెండు స్తంభాలు మిగిలాయి, మధ్యలో ఆకాశం. నీ ఎత్తు గీత ఉన్న రాయి మాత్రం కొట్టొద్దని అడిగాను, ఒప్పుకున్నారు.

నన్ను తీసుకెళ్ళడానికి రా. ఏ రోజైనా సరే. బస్సు దిగి నిదానంగా నడిచి, ఎదురుగా రా. వెనకనుంచి పిలిస్తే నాకు వినబడదు.

అక్క